ప్రసారం కాని పైలట్‌కి సొంత పేజీ ఉండాలండి

"టీవీలో ఎప్పుడూ రాని పైలట్ ఎపిసోడ్లకి ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో విడిగా వ్యాసం అవసరమా, సీరియల్ పేజీలోనే రెండు వాక్యాలు రాస్తే సరిపోదా?" అని అడిగారు. అవసరమేనండి. పైలట్ అంటే సీరియల్‌కి ఒప్పుకోకముందు నమూనాగా తీసి చూపించే మొదటి ఎపిసోడ్. సీరియల్‌గా మారిన పైలట్‌కైతే పేజీ లేకపోయినా నష్టం లేదు, ఆ సీరియల్ పేజీలో ఓ మూల చోటు దొరుకుతుంది. అసలు సీరియలే పుట్టనప్పుడు ఆ రెండు వాక్యాలు తీసుకెళ్లి ఏ పేజీలో రాస్తారు? వేరే పేజీలో కలిపేస్తే సరిపోతుంది కదా అని తేలిగ్గా అనేవాళ్లు ఈ మాటకి జవాబు చెప్పగా నేను చూడలేదు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, అలాంటి పైలట్ ఒకటి మా ఇంట్లోనే తీశారు.

మాది కోనసీమలో ముమ్మిడివరం దగ్గర పల్లెటూరు. 1996 వేసవి, నాకు పదమూడేళ్లు. తెలుగులో ప్రైవేటు ఛానెళ్లు అంతకు ముందు ఏడాది, 1995లోనే వచ్చాయి. అప్పటిదాకా దూరదర్శన్ ఒక్కటే. మా వైపు పరిషత్తు నాటికలు, అంటే పోటీల్లో వేసే నాటికలు, ఆడేవాళ్లందరికీ ఇక మనకీ ఓ చోటు దొరుకుతుందన్న ఆశ మొదలైంది. మా మావయ్య, అంటే అమ్మ తమ్ముడు, నాటికలు రాసేవాడు. కొబ్బరితోట ఫలసాయం రెండేళ్లకి ముందుగానే అమ్మేసి ఆ డబ్బుతో ఒక ఎపిసోడ్ తీయడానికి దిగాడు. అది పట్టుకెళ్లి చూపిస్తే, చూసినవాళ్లకి నచ్చితే, 13 వారాలకి అవకాశం ఇస్తారు. అప్పట్లో పద్ధతి అది.

కెమెరామెన్, ఆయన అసిస్టెంటు హైదరాబాద్ నుంచి గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో కాకినాడ వచ్చి, యానాం దగ్గర పంటు, అంటే రేవు దాటించే పెద్ద పడవ, ఎక్కి యెదుర్లంకలో దిగారు. వారధి అప్పటికింకా లేదు. కెమెరా పెట్టె పంటు మీద పెట్టమన్నా పెట్టకుండా చంటిపిల్లని పట్టుకున్నట్టు ఒళ్లో పెట్టుకునే గోదావరి దాటాడాయన. రిఫ్లెక్టరు బదులు థర్మోకోల్ అట్ట పట్టుకునే పని నాది.

వాన సీను గురించి చెప్పకుండా ఉండలేను. కథలో కొడుకు వాన రాత్రి ఇల్లు విడిచి వెళ్లిపోవాలి. మే నెలలో వాన ఎక్కణ్ణుంచి వస్తుంది? చేలో పురుగుమందు కొట్టే స్ప్రేయర్లు నాలుగు తెప్పించి, నలుగురు కుర్రాళ్లని పెంకుల మీదకి ఎక్కించాడు మావయ్య. ఎన్నిసార్లు కడిగినా మందు వాసన పోలేదు. లైటు వెలగ్గానే మండువాలోకి, అంటే ఇంటి నడిమి ఖాళీలోకి, సన్నటి తుంపర దిగింది, ముందు నిలబడ్డ ఆయన కళ్లు భగ్గుమన్నాయి. అమలాపురం నుంచి వచ్చిన పరిషత్తు నటుడు ఆయన, వేషం మధ్యలో ఆపడం అన్నది ఆయనకి తెలియదు. కళ్లమ్మట నీళ్లు కారుతుండగానే డైలాగు పూర్తి చేశాడు. ఈలోగా వంటింట్లోంచి మా అమ్మమ్మ ఇత్తడి గంగాళం మోసుకొచ్చి చూరు కింద పెట్టి, చీర కొంగు దులుపుకుని లోపలికి వెళ్లిపోయింది. నిజం వాన కాదని ఆవిడకి తెలుసు. అయినా చూరు నీళ్లు కారుతున్న చప్పుడు వింటే గంగాళం పెట్టకుండా యాభయ్యేళ్లలో ఏనాడూ ఉండలేదు. "మందు నీళ్లే అమ్మా అవి!" అని మా అమ్మ అరిచిన అరుపు కూడా టేపులో ఉంది. మళ్లీ తీద్దామన్నాడు కెమెరామెన్. వద్దన్నాడు మావయ్య. ఆ అరుపు మీద ఉరుము చప్పుడు వేసి కప్పి, గంగాళం షాటు అలాగే ఉంచాడు.

ఆగస్టులో కాపీ హైదరాబాద్ వెళ్లింది. ఏ ఛానెలన్నది ఇక్కడ చెప్పను. రెండు వాక్యాల ఉత్తరంతో తిరిగొచ్చింది.

నవంబర్ 6న తుఫాను. కోనసీమ వాళ్లకి ఆ రాత్రి గురించి నేను చెప్పక్కర్లేదు, బయటివాళ్ల కోసం మాత్రం చెబుతున్నాను: కాకినాడకి దిగువన తీరం దాటింది, వెయ్యి మందికి పైగా చనిపోయారు, కొబ్బరిచెట్లు మొవ్వులు విరిగి పడిపోయాయి. మా మండువా పెంకులు లేచిపోయాయి. ఏ తోట ఫలసాయం మావయ్య ముందే అమ్ముకున్నాడో ఆ తోటలో నిలబడ్డ చెట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కొన్నాయన పెద్దమనిషి, డబ్బు తిరిగి అడగలేదు. మావయ్యే ఊరుకోలేక కొంచెం కొంచెంగా ఆరేళ్లపాటు తీర్చాడు. అసలు టేపు బియ్యం డబ్బాలో పాలిథిన్ సంచిలో ఉండబట్టి బతికింది.

ఇప్పుడు ఆలోచించండి. ఆ తుఫాను గురించి వ్యాసాలున్నాయి, మృతుల లెక్కలున్నాయి, గాలి వేగాలున్నాయి. అంతకు ఆరు నెలల ముందు ఆ ఊరు ఎలా ఉండేదో, చెరువుగట్టు మీద తాటాకిళ్ల వరసలో సాయంత్రం పూట ఎవరు ఏం చేసేవారో కదిలే బొమ్మల్లో ఉన్నది ఆ 26 నిమిషాల పైలట్‌లోనే. ప్రసారం కాలేదన్న ఒక్క కారణానికి దాని ఊసే అక్కర్లేదంటే నేను ఒప్పుకోను.

బయట దేశాలవాళ్లు ఈ లెక్క ఎప్పుడో తేల్చేసుకున్నారు. అమెరికా సీరియల్ 'స్టార్ ట్రెక్' మొదటి పైలట్ 'ది కేజ్' 1964 చివర్లో తీస్తే ఎన్‌బీసీ ఛానెల్ వద్దంది, రెండో పైలట్ తీయమంది. మొదటి దాంట్లోంచి రెండోదాంట్లోకి వచ్చిన ముఖ్యపాత్ర స్పాక్ ఒక్కడే. ముక్కలు కొన్ని 1966లో ఇంకో ఎపిసోడ్‌లో వాడుకున్నారు గాని, మొత్తంగా ప్రసారమైంది 1988లో. ఇరవై ఏళ్లకి పైగా అది ప్రసారం కాని పైలటే! 2011లో 'వండర్ వుమన్' పైలట్‌ని ఎన్‌బీసీ పక్కన పెట్టేసింది, అయినా ఇంగ్లీషు వికీపీడియాలో దానికి సొంత వ్యాసం ఉంది. 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' వెనక కథ ఒకటి తీసి, మూడు కోట్ల డాలర్లకి పైగా ఖర్చు పెట్టి, 2019లో హెచ్‌బీఓ ఆపేసింది. వాటి గురించి పత్రికలు రాశాయి, అందుకే వాటి గురించి నాలుగు ముక్కలు చెప్పుకోగలుగుతున్నాం. అక్కడ కొలత ప్రసారం కాదండి. సంబంధం లేని వాళ్లెవరైనా దాని గురించి వివరంగా రాశారా, అచ్చులో ఉందా, అంతే. ఆ కొలత సరైనదే. నేను దాంతో పోట్లాడను.

నా పోట్లాటల్లా మన దగ్గర రాయకపోవడం మీద, రాసింది దాచకపోవడం మీద. కోనసీమకి షూటింగులకి వచ్చినవాళ్లు ఎంతమందో. కాలవ, కొబ్బరిచెట్లు, పంటు అన్నీ తీసుకుపోతారు. తెర మీద ఊరి పేరుండదు, "కోనసీమ అందాలు" అని ఒక ముక్క రాస్తే అదే గొప్ప. ఇల్లు ఇచ్చినవాడి పేరుండదు, గుంపులో నిలబడ్డ రెండొందల మందికి భోజనం పెట్టిన వీధి పేరుండదు. పత్రికల జిల్లా పేజీల్లో అప్పుడప్పుడు నాలుగు లైన్లు పడేవి, అవి మర్నాటికి బజ్జీల పొట్లాలైపోయేవి. మెయిన్ పేపరు పాత సంచికలు ఎక్కడో ఒకచోట బైండు చేసి దాచారు గాని, జిల్లా పేజీల్ని అంత జాగ్రత్త చేసినవాళ్లు నాకు తగల్లేదు. మన బతుకంతా ఉన్నది ఆ పేజీల్లోనేనండి.

మావయ్య పైలట్ మీద కొన్నేళ్ల క్రితం ఒక విజ్ఞాన సర్వస్వంలో నేనే వ్యాసం రాశాను. వారం తిరక్కుండా తొలగింపు ప్రతిపాదన పెట్టారు. మూలాలు చూపించమన్నారు. ఒకాయనైతే, "ఇలా అయితే మా చెల్లి పెళ్లి వీడియోకి కూడా వ్యాసం రాయాలి" అన్నాడు. ఆ పోలిక తప్పండి. పెళ్లి వీడియో చుట్టాల కోసం తీస్తారు. పైలట్‌ని ముక్కూముఖం తెలియని జనం కోసం తీస్తారు. దానికి రాత ఉంటుంది, వేషాలేసినవాళ్లుంటారు, పెట్టుబడి ఉంటుంది, కూర్చుని చూసి వద్దన్నవాళ్లూ ఉంటారు. వద్దనడం కూడా చరిత్రే. మన టీవీ తొలి రోజుల్లో ఏవి తీసుకున్నారో తెలిసి, ఏవి వద్దన్నారో తెలియకపోతే ఆ చరిత్ర సగమే తెలిసినట్టు.

మూలం కోసం తిరిగాను. మా ఊరి రిటైర్డ్ మాస్టారొకాయన నాటికల వార్తలన్నీ కత్తిరించి పాత అట్లాసు పుస్తకంలో అంటించి పెట్టుకున్నారు. మైదాపిండి జిగురు ఎండి, పేజీ తిప్పితే పెళపెళమనేది. అందులో దొరికింది: పదకొండు లైన్లు, ఒక ఫోటో. ఫోటోలో మావయ్య, పక్కన కెమెరా, వెనకాల థర్మోకోల్ అట్ట, దాని కింద నా కాళ్లు. మాస్టారు ఎంత పొందిగ్గా కత్తిరించారంటే, పత్రిక పేరూ లేదు, తారీఖూ లేదు. తేదీ లేని ముక్కని మూలంగా తీసుకోలేమన్నారు, వ్యాసం తీసేశారు. వాళ్లని తప్పు పట్టను, నియమం నియమమే.

తేలిందేమిటంటే, ఆ ముక్క వెనకవైపు అంబాజీపేట కొబ్బరి మార్కెట్ ధరలు పడ్డాయి. "గండేరా వెయ్యి రూ.", "గటగట వెయ్యి రూ." అని కురిడీ (ఎండుకొబ్బరికాయ) రకాలకి రెండు లైన్లు, అంకెలున్న చోట కత్తెర పడింది. గటగట లైన్లో మొదటి అంకె సగం మిగిలింది, పైన గుండ్రంగా ఉంది: రెండో, మూడో కావాలి. 1996 మే, జూన్ నెలల్లో కురిడీ ధరలు రాసి పెట్టుకున్న వ్యాపారి ఎవరైనా దొరికితే ఏ వారమో తెలుస్తుంది. వారం తెలిస్తే ఆ వారం పేపర్లు ఎవరింట్లోనైనా వెతకొచ్చు. టేపుని హైదరాబాద్‌లో బూజు తుడిపించి కంప్యూటర్లోకి ఎక్కించాను. చివరి తొమ్మిది నిమిషాలకి మాటలు పోయాయి, బొమ్మ ఉంది. గంగాళం షాటు బాగుంది. ఇది చదివేవాళ్లలో అంబాజీపేట వాళ్లెవరైనా ఉంటే, మీ నాన్నగారి పాత చిట్టా పుస్తకాలు ఒకసారి అటక మీంచి దింపి చూసి నాకు చెప్పండి.