వేడెక్కితే సాంద్రత తగ్గుతుందా? డీజిలు ట్యాంకరు డ్రైవరును అడగండి

వేడి చేస్తే ప్రతి పదార్థానికీ సాంద్రత తగ్గుతుందా, చల్లారితే పెరుగుతుందా, నిత్యజీవితంలో ఇది ఎవరికైనా అక్కరకు వస్తుందా అని అడిగారు. మొదటి రెండింటికీ జవాబు దాదాపు అవుననే. మూడోదాని కోసమే ఇంత రాస్తున్నాను. ఇంధనం నిల్వచేసే డిపోలో లెక్కలు చూసే ఉద్యోగం నాది. అక్కడ ఈ సంగతి తెలియనివాడి చేతిలో అమాయకుడు దొంగవుతాడు.

ఒకసారి 12,000 లీటర్ల డీజిలుతో ట్యాంకరు మిట్టమధ్యాహ్నం బయలుదేరింది. నింపినప్పుడు డీజిలు 38 డిగ్రీలుంది. చల్లటి కొండదారిలో ఆగుతూ వెళ్లి బంకు చేరేసరికి 28కి దిగింది. ట్యాంకులో మట్టం కొలిచే డిప్ రాడ్డు వేసి చూస్తే దాదాపు వంద లీటర్లు తక్కువ. బంకు యజమాని నలుగురి ముందే అరిచాడు: "వంద లీటర్లు ఎక్కడ దింపి వచ్చావు?" డ్రైవరు వయసులో ఆయన కంటే పెద్దవాడు. "సీలు చూడండి బాబూ, తెగిందా?" అన్నాడు. సీలు తెగలేదు. అయినా జీతంలో కోస్తామని నాకు ఫోను చేశారు.

సాంద్రత కొలిచే హైడ్రోమీటరు ముంచి రీడింగు చెప్పమన్నాను. నింపినప్పుడు ఘనపు మీటరుకు 820 కిలోలు, ఇప్పుడు 827. వెయ్యి లీటర్లు ఒక ఘనపు మీటరు కాబట్టి గుణించి చూసుకోండి: 12 ఘనపు మీటర్లను 820తో, 11.9 ఘనపు మీటర్లను 827తో. రెండుసార్లూ వచ్చేది సుమారు 9,840 కిలోలే. డీజిలు ఎక్కడికీ పోలేదు, దగ్గరికి ముడుచుకుంది. డిగ్రీకి పదివేలకు ఎనిమిది వంతుల చొప్పున ముడుచుకోవడం దాని స్వభావం. స్టీలు ట్యాంకు కూడా చల్లారి ముడుచుకుంటుంది గాని, ఆ పది డిగ్రీలకు దాని లోపల తగ్గే చోటు నాలుగు లీటర్లే. యజమాని క్షమాపణ చెప్పలేదు. "మరి లీటర్ల లెక్కన డబ్బు కట్టింది నేను కదా" అన్నాడు. ఆ మాటలో న్యాయం ఉంది! అందుకే డిపోల్లో లెక్కను, అదే ఇంధనం 15 డిగ్రీల దగ్గర ఎన్ని లీటర్లుండేదో అలా సరిదిద్ది రాసుకుంటారు. నన్నడిగితే ఇంధనాన్ని కిలోల్లోనే అమ్మాలి. లీటరు ఎండకూ చలికీ మాట మార్చే కొలత.

పాఠ్యపుస్తకాల మీద నాకో కోపం ఉంది. వేడికి అణువులే ఉబ్బుతాయన్నట్టు బొమ్మలు వేస్తారు. అణువు సైజు మారదు. దాని కదలిక జోరందుకుని పక్కదాన్ని దూరం నెడుతుంది. అదే ద్రవ్యరాశి ఎక్కువ చోటులో పరచుకుంటుంది కాబట్టి సాంద్రత తగ్గుతుంది. ఘనపదార్థాల్లో అణువులు ఒకదాన్నొకటి పట్టుకునే పట్టు గట్టిది. డీజిలు మారినంతలో ఇనుము ఇరవయ్యో వంతు కూడా మారదు. వాయువులకు పట్టే లేదు. సాధారణ వాతావరణ పీడనంలో 0 డిగ్రీల దగ్గర ఘనపు మీటరుకు 1.29 కిలోలుండే గాలి 100 డిగ్రీలకు 0.95 అవుతుంది. 1783లో మాంట్‌గోల్ఫియర్ సోదరుల వేడిగాలి బెలూను ఎగిరింది ఈ తేడా మీదే. ఇంకో అలవాటు నాకు అసలు నచ్చదు: ఉష్ణోగ్రత చెప్పకుండా సాంద్రత పట్టిక ముద్రించడం. తేదీ లేని చెక్కు ఎంత పనికొస్తుందో అదీ అంతే.

"ప్రతి పదార్థానికీ" అన్నారు కదా, అక్కడ నీళ్లు అడ్డం తిరుగుతాయి. చల్లబరిస్తే 4 డిగ్రీల దాకా బుద్ధిగా బరువెక్కుతాయి, ఆ తరువాత తేలికవుతాయి. గడ్డకట్టేటప్పుడు అణువులు నడుమ ఖాళీలు వదిలి వరుసకడతాయి కాబట్టి మంచు ఘనపు మీటరుకు 917 కిలోలే. తేలేది అందుకే, చలిదేశాల్లో గొట్టాలు పగిలేదీ అందుకే. బిస్మత్, గాలియం, సిలికాన్ కూడా గడ్డకట్టేటప్పుడు పెరిగే రకాలే. జిర్కోనియం టంగ్‌స్టేట్ అనే సమ్మేళనం మరీ విడ్డూరం, వేడెక్కేకొద్దీ ముడుచుకుంటుంది.

ఇంత చదివి రేపటి నుంచి తెల్లవారుజామున చల్లటి పెట్రోలు కోసం బంకుకు పరుగెత్తకండి. ఆ సలహా నా ఫోనుకు ఎవరో ఒకరు పంపుతూనే ఉంటారు. పెట్రోలు ఉండేది భూమిలో పూడ్చిన ట్యాంకులో. ఉదయానికీ మధ్యాహ్నానికీ దాని ఉష్ణోగ్రత పెద్దగా మారదు. ఒకవేళ అయిదు డిగ్రీల తేడా ఉందనుకున్నా, 20 లీటర్లకు మిగిలేది వంద మిల్లీలీటర్లకు కాస్త అటూఇటూగానే. బంకు దూరమైతే అది దారిలోనే ఖర్చయిపోతుంది.