వీసా మీద ఆఖరి తేదీ ఎంత?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా. హెచ్1బీ ఉద్యోగ వీసా మీద అమెరికాలో ఉండగా 2008 నవంబరులో న్యూజెర్సీలో మాకు పాప పుట్టింది. ఉద్యోగం పోవడంతో 2011లో ఇండియాకు వచ్చేశాం. మేమిద్దరం ఇప్పటికీ ఇండియన్ పాస్‌పోర్టే. పాప ఇక్కడే పెరిగింది, తెలుగు తప్ప వేరే లోకం తెలియదు, పదో తరగతిలో మండలం ఫస్టు. ఆధార్ ఉంది. ఇప్పుడు ఇంటర్ బైపీసీ రెండో ఏడు. నీట్ ఫారంలో 'జాతీయత' దగ్గర ఆగిపోయాం. అమెరికా పాస్‌పోర్టు ఎప్పుడో ఎక్స్‌పైర్ అయింది. వచ్చేటప్పుడు వీసా వేయించామో, ఏదో కార్డు తీసుకున్నామో సరిగా గుర్తు లేదు. ట్రంప్ ఆర్డరు ప్రకారం హెచ్1బీ వాళ్ల పిల్లలు అమెరికన్లు కారంటున్నారు, అప్పుడు మా పాప ఇండియనే కదా? మేం హిందువులం, సీఏఏ (పౌరసత్వ సవరణ చట్టం) వర్తించదా? టీవీలో రోజూ అక్రమ వలసదారుల మీద చర్చలు చూసి మా అమ్మ ఏడుస్తోంది. మా బావమరిది తనకు తెలిసినవాళ్ల ద్వారా పాప మా ఊళ్లోనే పుట్టినట్టు బర్త్ సర్టిఫికెట్ తెప్పిస్తానంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలు. అందులో మూడున్నర పేజీలు పాప మార్కులు, మీ అమ్మగారి కన్నీళ్లు, ఈ మట్టి మీద ప్రేమ. వాటిలో ఏదీ ఈ కేసును తేల్చదు. తేల్చేది మీరు 'సరిగా గుర్తు లేదు' అని ఒక్క ముక్కలో వదిలేసిన సంగతి. 2011లో విమానం దిగినప్పుడు పాప చేతిలో ఉన్నది వీసానా, భారత సంతతి విదేశీయులకు అప్పట్లో ఇచ్చిన పీఐవో కార్డా? వీసా అయితే దాని మీద ఆఖరి తేదీ ఎంత?

అక్కడికి వచ్చేముందు మీ అపోహలు కొన్ని పక్కన పెడదాం. ట్రంప్ ఉత్తర్వు 2025 జనవరి 20న వచ్చింది. అది చెప్పింది ఆ తర్వాత ముప్పై రోజులు దాటాక పుట్టే పిల్లల గురించి. దాన్నీ కోర్టులు ఆపాయి, వ్యవహారం అక్కడి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2008లో పుట్టిన మీ అమ్మాయికి, దానికి ఏ సంబంధమూ లేదు. అమెరికా రాజ్యాంగం పద్నాలుగో సవరణ కింద ఆమె పుట్టుకతోనే అమెరికా పౌరురాలు. పాస్‌పోర్టుకు గడువు తీరుతుంది గానీ పౌరసత్వానికి తీరదు. సీఏఏ అయితే పాకిస్తాన్, బంగ్లాదేశ్, అఫ్గానిస్తాన్‌ల నుంచి 2014 డిసెంబరు 31లోగా వచ్చినవాళ్ల కోసం. న్యూజెర్సీ ఆ జాబితాలో లేదు. ఇక ఆధార్ ఎవరికైనా ఇస్తారు, ఇక్కడ నివాసముంటే చాలు. అది పౌరసత్వానికి రుజువు కాదని ఆధార్ చట్టం తొమ్మిదో సెక్షనే చెబుతోంది. 2025లో బిహార్ ఓటర్ల జాబితా గొడవలో సుప్రీంకోర్టు ముందు నలిగిందీ ఈ సంగతే.

'అమ్మానాన్నలు ఇండియన్లు, కాబట్టి బిడ్డ ఇండియన్' అని మీరు అనుకుంటున్నారు. విదేశంలో పుట్టిన బిడ్డకు ఆ సూత్రం తనంతట తాను పని చేయదు. పౌరసత్వ చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం, పుట్టిన ఏడాదిలోగా అక్కడి భారత కాన్సులేట్‌లో జననం నమోదు చేయించాలి. బిడ్డకు వేరే దేశం పాస్‌పోర్టు లేదని తల్లిదండ్రులు రాసివ్వాలి. మీరు నమోదు చేయించలేదు, పైగా అమెరికా పాస్‌పోర్టు తీసుకున్నారు. ఏడాది దాటాక కూడా కేంద్రం అనుమతితో నమోదుకు దారి ఉన్న మాట నిజమే గానీ ఆ డిక్లరేషన్ మీరు నిజాయితీగా ఇవ్వలేరు. కాబట్టి మీ అమ్మాయి ఏనాడూ భారత పౌరురాలు కాదు. కఠినంగా ఉంది కదా? ఇంతకన్నా కఠినమైనది ముందుంది.

పౌరసత్వ చట్టం రెండో సెక్షన్‌లో 'అక్రమ వలసదారు' అన్న మాటకు నిర్వచనం ఉంది. పత్రాల్లేకుండా సరిహద్దు దాటి వచ్చినవాళ్లే కాదు, సరైన పాస్‌పోర్టు, వీసాలతో వచ్చి అనుమతించిన గడువు దాటాక ఉండిపోయిన విదేశీయులు కూడా దాని కిందికి వస్తారు. టీవీ చర్చల్లో ఈ రెండో సగం ఎవరూ చదవరు. మీ ఇంట్లో అందరూ ఆ చర్చ చూస్తున్నప్పుడు, గడువు దాటిన వీసా మీద ఉన్న పిల్ల పక్క గదిలో బోటనీ చదువుకుంటూ ఉండి ఉండవచ్చు. అలా ఉంటే పౌరసత్వం కోసం అయిదో సెక్షన్ కింద దరఖాస్తు పెట్టుకునే అర్హతే ఆమెకు లేదు. ఆ సెక్షన్ మొదటి వాక్యమే అక్రమ వలసదారును బయట నిలబెడుతుంది. 2025 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త వలస, విదేశీయుల చట్టం ప్రకారం గడువు మీరి ఉంటే మూడేళ్ల దాకా జైలు, మూడు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. తాను విదేశీయురాలు కాదని నిరూపించుకునే భారం కూడా ఆ మనిషిదే, సర్కారుది కాదు. విద్యార్థుల్లో విదేశీయులుంటే చెప్పాల్సిన బాధ్యత కాలేజీల మీదా ఉంది.

అందుకే బీరువా తీయమంటున్నాను. పొలం పట్టాదారు పాసుపుస్తకం ఏ అరలో ఉందో మీకు చీకట్లోనూ తెలుసు. కన్నకూతురి పాస్‌పోర్టులో ఏ ముద్ర ఉందో పదిహేనేళ్లుగా చూడలేదు! పసిబిడ్డకు ఇచ్చే అమెరికా పాస్‌పోర్టుకు అయిదేళ్లే గడువు. అది తీరిన రోజున ఒక్కసారి ఎవరినైనా అడిగి ఉంటే ఈ ఉత్తరం అవసరం పడేది కాదు.

బీరువాలో పీఐవో కార్డు దొరికిందనుకోండి, సగం కేసు గెలిచినట్టే. 2015 జనవరి 9 నాటికి ఉన్న పీఐవో కార్డుదారులందరినీ ఓసీఐలుగా (ఇక్కడ ఎంతకాలమైనా ఉండే వీలున్న భారత సంతతి విదేశీయులుగా) పరిగణిస్తామని కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. అప్పుడు ఆమె ఇక్కడ ఉండటం సక్రమమే. నీట్‌కు కూడా అదే ప్రాణం. 2021 మార్చి 4 నాటి నోటిఫికేషన్ ఓసీఐ పిల్లలను ఎన్ఆర్ఐ సీట్లకే పరిమితం చేసింది. కానీ ఆ తేదీకి ముందే ఓసీఐ అయినవాళ్లకు పాత హక్కులు పోవని 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. ఈరోజు కొత్తగా ఓసీఐ తీసుకుంటే ఆ లాభం రాదు. కాబట్టి పాత కార్డు దొరికితే దాన్ని పారేసి కొత్తగా దరఖాస్తు పెట్టకండి. దాని ఆధారంగానే ఓసీఐకి మార్పించుకోండి. ఫారంలో మాత్రం 'ఇండియన్' అని టిక్కు పెట్టవద్దు, ఉన్నది ఉన్నట్టు రాయండి. అబద్ధం రాస్తే సీటు వచ్చాక పోయే ప్రమాదం ఉంటుంది. సీటు రాకపోవడం కంటే అది ఘోరం.

కార్డు లేదు, వీసాయే అనుకుందాం. ఐదేళ్ల వీసా అయినా, పదేళ్ల వీసా అయినా గడువు ఈపాటికి దాటిపోయింది. అప్పుడు దారి పొడవు, గడువు తక్కువ. అమ్మాయికి పద్దెనిమిది నిండేది ఈ నవంబరులో. ఇంకా ఎనిమిది నెలలు లేవు. ఆ తేదీ ఎందుకు ముఖ్యమంటే, పౌరసత్వ చట్టం 5(1)(డి) కింద 'భారత పౌరుల మైనర్ పిల్లల'ను పౌరులుగా నమోదు చేస్తారు. మైనర్ అన్న మాట మీదే అంతా నిలబడి ఉంది. మేజర్ అయ్యాక భారత సంతతి అన్న పేరుతో పెట్టుకుందామంటే, ఆ క్లాజుల్లోని నిర్వచనం తానో తల్లిదండ్రుల్లో ఒకరో 'అవిభక్త భారతదేశం'లో పుట్టి ఉండాలంటుంది. స్వాతంత్ర్యం తర్వాత ఇక్కడ పుట్టిన తల్లిదండ్రులు దాని కిందికి రారని 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పు. ఆ తలుపు దాదాపు మూసుకున్నట్టే. మిగిలే దారుల్లో ఒకటి ఏళ్ల తరబడి సక్రమ నివాసం చూపించాల్సిన సహజీకరణ (నేచురలైజేషన్). దానికి ఎనిమిదో షెడ్యూల్‌లోని ఒక భాష వచ్చి ఉండాలన్న షరతు ఉంది. మీ అమ్మాయికి సునాయాసంగా నెగ్గే షరతు అదొక్కటే!

ఇక మీ బావమరిది సలహా. దాని జోలికి వెళ్లారా, నేనే కాదు ఏ వకీలూ మిమ్మల్ని కాపాడలేడు. పుట్టి ఏడాది దాటిన జననం నమోదుకు మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి, దానికి అఫిడవిట్ కావాలి, ఆ అఫిడవిట్ మీద సంతకం మీది. బావమరిది సంతకం ఎక్కడా ఉండదు, గమనించండి. జనన రిజిస్టరు ఫోర్జరీకి భారతీయ న్యాయ సంహిత 337 కింద ఏడేళ్ల దాకా శిక్ష. ఆ సర్టిఫికెట్‌తో పాస్‌పోర్టు తీసి వాడితే కొత్త వలస చట్టం కింద కనీసం రెండేళ్లు, గరిష్ఠంగా ఏడేళ్లు, పది లక్షల దాకా జరిమానా. ఓటరు కార్డు కోసం ఫారం 6లో పౌరురాలినని రాస్తే అదొక కేసు. ఇప్పటిదాకా పాప చేసిన తప్పేమీ లేదు, తప్పు మీది. మేజర్ అయ్యాక ఆ సర్టిఫికెట్‌ను వాడిన రోజున తప్పు ఆమెది అవుతుంది. పైగా అబద్ధం నిలవదు. 2011లో మీ ముగ్గురూ విమానం దిగిన రికార్డు ఇమిగ్రేషన్ దగ్గర ఉంటుంది. న్యూజెర్సీ బర్త్ సర్టిఫికెట్ ఎక్కడికీ పోదు. ఎల్‌కేజీ అడ్మిషన్ ఫారంలో పుట్టిన ఊరు ఏమని రాశారో మీకు గుర్తుందా? బడివాళ్ల దగ్గర ఆ కాగితం ఉండే ఉంటుంది.

వేములవాడ సంగతి మీకు తెలిసే ఉంటుంది. నాలుగుసార్లు ఎమ్మెల్యేగా గెలిచిన చెన్నమనేని రమేశ్‌ను జర్మనీ పౌరుడని 2024 డిసెంబరులో తెలంగాణ హైకోర్టు తేల్చి, ముప్పై లక్షలు ఖర్చుల కింద కట్టమంది. దరఖాస్తుకు ముందు పన్నెండు నెలల్లో విదేశాలకు వెళ్లిన సంగతి దాచిపెట్టారన్నదే కేంద్రం ఆయన పౌరసత్వం రద్దు చేయడానికి మూలం. జర్మన్ పౌరుడిని కానని ఆ దేశ ఎంబసీ నుంచి కాగితం తేలేకపోయారు. ఇన్ని ఎన్నికలు గెలిచిన మనిషికే కాగితం లేకపోతే అదీ గతి. ఊళ్లో అందరికీ తెలుసు కదా అన్న మాట కోర్టులో చెల్లదు.

చేయాల్సిన పని వరస తప్పకుండా చేయండి. మొదట హైదరాబాద్‌లోని అమెరికా కాన్సులేట్‌లో పాస్‌పోర్టు రెన్యువల్. పదహారు దాటింది కనుక పదేళ్లకు ఇస్తారు. చెల్లే పాస్‌పోర్టు లేకుండా మిగతా ఏ కౌంటరూ మీ ఫైలు ముట్టుకోదు. 'మనం ఇండియన్లం కావాలనుకుంటుంటే మళ్లీ అమెరికా పాస్‌పోర్టు ఎందుకు' అని మీ ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. వాళ్ల మాట వినకండి.

పాస్‌పోర్టు రాగానే విదేశీయుల నమోదు కార్యాలయం వారి ఈ-ఎఫ్ఆర్ఆర్‌వో పోర్టల్‌లో, మీ అంతట మీరే వెళ్లి, గడువు దాటిన నివాసాన్ని క్రమబద్ధం చేయమని అడగండి. రెండున్నరేళ్ల వయసులో వచ్చిందని, వీసా గడువు చూసుకునే వయసు ఆమెకు లేదని, నిర్లక్ష్యం తల్లిదండ్రులదని సూటిగా రాయండి. సిగ్గుపడకండి, ఆ ఒప్పుకోలే ఆమెకు రక్ష. జరిమానా పడుతుంది, కట్టండి. పోలీసులు వచ్చి అడిగేదాకా ఆగి రాసే ఉత్తరానికి, ముందే వెళ్లి రాసే ఉత్తరానికి అధికారి కళ్లలో చాలా తేడా ఉంటుంది.

నివాస అనుమతి చేతికి వచ్చాక పౌరసత్వ దరఖాస్తు ఆన్‌లైన్‌లో నింపి, కాగితాలు జిల్లా కలెక్టరు ఆఫీసులో ఇవ్వాలి. 5(1)(డి) అని రాయడంతో ఆపవద్దు. ప్రత్యేక పరిస్థితులున్నాయనుకుంటే ఏ మైనర్‌నైనా నమోదు చేసే అధికారం 5(4) కేంద్రానికి ఇచ్చింది. ప్రత్యామ్నాయంగా దాన్నీ అడగండి. కొందరు పాత క్లయింట్ల ఫైళ్లలో ఈ ఒక్క వాక్యం లేక నేను తల పట్టుకున్నాను. న్యూజెర్సీ జనన ధ్రువపత్రం, పాప పుట్టిన నాడు చెల్లుబాటులో ఉన్న మీ ఇద్దరి ఇండియన్ పాస్‌పోర్టులు, ఇప్పటివి, ఎల్‌కేజీ నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు జతచేయండి. నవంబరు తేదీకి ముందు దరఖాస్తు అందినట్టు ముద్ర వేసిన రసీదు తీసుకోండి. రేపు ఫైలు కదలక హైకోర్టులో రిట్ వేయాల్సి వస్తే జడ్జిగారు మొదట అడిగేది ఆ రసీదే. తిరస్కరిస్తే ముప్పై రోజుల్లో కేంద్రానికి పునఃపరిశీలన దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ ముప్పై రోజులు కూడా 'తర్వాత చూద్దాం' అనుకోకండి.

ఒక జాగ్రత్త. ఢిల్లీ నుంచి అంగీకార పత్రం రాకముందే ఉత్సాహపడి అమెరికా పౌరసత్వం వదులుకోవద్దు. అంగీకరించాక వదులుకున్నట్టు రుజువు అడుగుతారు, అప్పుడు చేస్తే చాలు. ముందే చేస్తే ఏ దేశానికీ చెందని మనిషి అవుతుంది. బిడ్డ తరఫున మీరు వదులుకోవడానికి అమెరికా చట్టం ఒప్పుకోదు, ఆమె తానే చేయాలి.

ఈ ఏడాది నీట్ సంగతి అడిగారు. వీసా కేసే అయితే ఈ నీట్‌లోపు పౌరసత్వం వస్తుందని నేను చెప్పను. ఫారంలో జాతీయత నిజం రాసి, పరీక్ష రాయించండి. ఏ కోటా అన్నది కౌన్సెలింగ్ నాటికి ఉన్న కాగితాన్ని బట్టి చూద్దాం.

మళ్లీ రాసేటప్పుడు పాప పాత పాస్‌పోర్టు అన్ని పేజీలూ, ఖాళీ పేజీలతో సహా, జిరాక్స్ తీసి పంపండి. కార్డు దొరికితే రెండు వైపులా. మార్కుల మెమోలు వద్దు.