పదమూడేళ్ల ఐస్ హాకీ వింగర్‌లో సత్తా ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

మీ అబ్బాయికి పదమూడేళ్లని, ఐస్ హాకీలో లెఫ్ట్ వింగ్ (ఎడమ అంచు నుంచి దాడి చేసే స్థానం) ఆడతాడని, ఈ సీజన్‌లో జట్టులో అందరికన్నా ఎక్కువ గోల్స్ కొట్టాడని రాశారు. పైస్థాయికి వెళ్లగలడా అని అడిగారు. నేను కోచ్‌ను కాను. టొరంటో పక్కన బ్రాంప్టన్‌లో ఉంటాం. మా వాడు ఏడో ఏట నుంచి ఫార్వర్డ్‌గా ఆడుతున్నాడు, ఇప్పుడు పదిహేడు. పదేళ్లుగా తెల్లవారుజామున రింక్ (ఆట జరిగే మంచు మైదానం) పక్కన చలిలో నిలబడి తెలుసుకున్నదే చెబుతున్నాను. ఈ వయసులో గోల్స్ లెక్కను నమ్ముకోకండి.

మా వాడు పన్నెండో ఏట పక్ (ఈ ఆటలో బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ల) దొరికితే చాలు, అందరినీ దాటుకుని నెట్ దాకా వెళ్లిపోయేవాడు. మేమూ పొంగిపోయాం. కెనడాలో అండర్-13 వరకు శరీరంతో ఢీకొట్టడం 2013 నుంచి నిషేధం. ఆ వయసు దాటి ఢీకొట్టే ఆట మొదలవగానే వాడి గోల్స్ సగానికి పడిపోయాయి. బలం చాలడం లేదేమో అనుకున్నాను. ఒకరోజు పక్ ఎటు పోతే అటు తిప్పకుండా, ఫోను కెమెరాను ఆట మొత్తం వాడి మీదే ఉంచాను. ఇంటికి వచ్చి ఆపి ఆపి చూశాను. ఒక్కో షిఫ్ట్‌లో, అంటే వేరే ఆటగాడు వచ్చి మార్చేలోపు ఆడే ఒక్కో విడతలో, మంచు మీద ఉండేది నలభై, నలభై అయిదు సెకన్లు. అందులో పక్ వాడి స్టిక్ మీద ఉన్నది రెండు మూడు సెకన్లే. మిగతా సమయమంతా వాడేం చేస్తాడో నేను అన్నేళ్లలో ఒక్కసారీ గమనించలేదు.

అందులో ఒక దృశ్యం ఇప్పటికీ కళ్ల ముందుంది. పక్ మూలకు దొర్లింది. మా వాడు తల దించుకుని నేరుగా వెళ్లి అందుకున్నాడు, తిరిగేలోపే డిఫెన్స్ ఆటగాడు వాడిని రింక్ చుట్టూ ఉండే అద్దం గోడకేసి అదిమేశాడు. కాసేపటికి అదే మూలకు మా జట్టులోనే అందరికన్నా పొట్టివాడైన కుర్రాడు వెళ్లాడు. పక్ చేరేలోపు కుడి భుజం మీదుగా ఒకసారి, ఎడమ భుజం మీదుగా ఒకసారి వెనక్కి చూశాడు. పక్ తాకీ తాకగానే ఖాళీగా ఉన్న మా సెంటర్ ఆటగాడికి అందించేశాడు. ఆ ఏడాది అతని గోల్స్ అయిదో ఆరో. ఈ రోజు ఆ జట్టు పిల్లలందరిలో పైస్థాయిలో ఆడుతున్నది అతనే.

కాబట్టి మీరు కూడా అలాగే ఒక ఆట వీడియో తీయండి. పక్ తన దగ్గరికి వచ్చేలోపు ఎన్నిసార్లు తల తిప్పి చూస్తున్నాడో లెక్కపెట్టండి. పక్ పోగొట్టుకున్నాక వెంటనే వెనక్కి పరుగెడుతున్నాడా, లేక భుజాలు జార్చి చూస్తూ ఉండిపోతున్నాడా? స్కేటింగ్‌లో పూర్తి వేగం కన్నా ఆగిన చోటు నుంచి వేసే మొదటి మూడు అడుగులు చూడండి, రెండు వైపులకూ ఒకేలా తిరగగలడో లేదో చూడండి. గోల్స్ కూడా ఎలా వచ్చాయో విడదీయండి. ఒంటరిగా దూసుకెళ్లి కొట్టినవి పై వయసు విభాగానికి వెళ్లాక తగ్గిపోతాయి. నెట్ ముందు తోపులాటలో నిలబడి కొట్టినవి నిలుస్తాయి. షాట్ సంగతి ఇప్పుడు వదిలేయండి, అది సాధనతో వస్తుంది.

స్కేటింగ్ కాస్త నెమ్మదిగా ఉంటే దిగులు పడకండి. బ్రేడన్ పాయింట్‌ను 2014లో ఎన్‌హెచ్‌ఎల్ (ఉత్తర అమెరికాలోని అగ్రశ్రేణి ప్రొఫెషనల్ లీగ్) డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతుల వారీగా కుర్ర ఆటగాళ్లను ఎంచుకునే చోట, 79వ ఆటగాడిగా తీసుకున్నారు. అతని స్కేటింగ్ మీదే సందేహాలుండేవి. ఒకప్పటి ప్రపంచ ఛాంపియన్ ఫిగర్ స్కేటర్ బార్బ్ అండర్‌హిల్ దగ్గర దాన్ని సరిదిద్దుకున్నాడు. 2022-23లో 51 గోల్స్ కొట్టాడు. వాంకూవర్ పక్కనున్న సర్రేకు చెందిన, పంజాబీ కుటుంబం నుంచి వచ్చిన అర్ష్‌దీప్ బెయిన్స్‌నైతే డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు. 2021-22లో 112 పాయింట్లతో (గోల్స్, గోల్స్‌కు అందించిన పాస్‌లు కలిపి) జూనియర్ లీగ్ అయిన డబ్ల్యూహెచ్‌ఎల్ మొత్తానికీ మొదటి స్థానంలో నిలిచాడు, 2024 ఫిబ్రవరిలో వాంకూవర్ తరఫున ఎన్‌హెచ్‌ఎల్‌లో అడుగుపెట్టాడు. మన పిల్లలకు ఆయన కథ తప్పకుండా చెప్పాలి.

ఇంకొక్క మాట. ఇక్కడ వయసు విభాగాలకు జనవరి 1 హద్దు. జనవరిలో పుట్టినవాడు, డిసెంబరులో పుట్టినవాడు ఒకే జట్టులో ఆడతారు. పదమూడేళ్ల వయసులో ఆ పదకొండు నెలల తేడా ఎత్తులోనూ బలంలోనూ బాగా కనిపిస్తుంది. మీ అబ్బాయి ఏ నెలలో పుట్టాడో, గోల్స్‌లో ఎన్ని ఒంటరిగా దూసుకెళ్లి కొట్టినవో రాయండి. అవి తెలిస్తే నాకు తోచింది ఇంకాస్త వివరంగా చెబుతాను.