సర్జ్ ఎటు పోతుందో రాయి

అమ్మాయీ,

సర్జ్ నుంచి, అంటే పిడుగులాంటి వాటితో తీగల్లోకి ఒక్కసారిగా దూకే వోల్టేజి నుంచి, సర్క్యూట్ బోర్డును కాపాడటం మీద నీ వ్యాసం అందింది. పొడవాటి కేబుల్ మీద డేటా పంపే ఆర్‌ఎస్-485 లైను మైనస్ 7 నుంచి ప్లస్ 12 వోల్టుల దాకా ఊగొచ్చని గుర్తుపెట్టుకుని దానికి తగ్గ ఎస్‌ఎం712 డయోడ్ ఎంచుకున్నావు, బాగుంది. కానీ "సిగ్నల్ లైనుకు ఒక టీవీఎస్ డయోడ్ పెడితే ఇక బోర్డుకు భయం లేదు" అన్నావు చూడు, అక్కడ నాకు ఒళ్లు మండింది. ఆ మాట నమ్మి ఎవరో కుర్రాడు బోర్డు చేస్తాడు. తొలకరి ఉరుములకే అది పోతుంది.

టీవీఎస్ డయోడ్ చేసే పని వోల్టేజి హద్దు దాటగానే కరెంటును గ్రౌండ్‌కి మళ్లించడం. ఆ దారి ఎంత పొడవో రాయకపోతే నీ వ్యాసంలో మిగిలేది పార్టు నంబర్లే. లెక్క కట్టి చూపించు. బోర్డు మీది రాగి గీతకు, అంటే ట్రాక్‌కి, సెంటీమీటరుకు సుమారు 10 నానోహెన్రీల ఇండక్టెన్స్ (కరెంటు వేగంగా మారితే అడ్డుపడే గుణం) ఉంటుంది. స్థిర విద్యుత్తు దెబ్బను తట్టుకుంటుందా అని చూసే ఐఈసీ 61000-4-2 టెస్టులో, నేరుగా తాకించి ఇచ్చే 8 కిలోవోల్టుల కాంటాక్ట్ డిశ్చార్జికి ఒక నానోసెకను లోపే 30 ఆంపియర్లు ఎగబాకుతాయి. డయోడ్ గ్రౌండ్ కాలికి ఒక్క సెంటీమీటరు ట్రాక్ ఉన్నా దాని మీదే 300 వోల్టులు దాటుతుంది. డయోడ్ ఎంత మంచిదైనా చిప్ మీద పడేది డయోడ్ మీది వోల్టేజీ, ఈ ట్రాక్ మీది వోల్టేజీ రెండూ కలిపి.

పల్నాడులో ఒక రైతు బోరు కంట్రోలర్ కాలిపోతే విప్పి చూశాను. ట్యాంకు లెవెల్ సెన్సర్ నుంచి గట్టు వెంట పొడవాటి కేబుల్. దగ్గర్లో పిడుగు పడింది. లైను మీద డేటా పంపి, అందుకునే ట్రాన్స్‌సీవర్ చిప్ నెత్తిన చిల్లు, కనెక్టర్ నుంచి దాని దాకా ట్రాక్ ఉండాల్సిన చోట నల్లటి చార. డయోడ్ మాత్రం చెక్కుచెదరలేదు. ఉంటుంది మరి, చిప్ దాటాక బోర్డు అవతలి మూలన పెట్టారు. గేటు వదిలేసి పడకగది ముందు కాపలా కూర్చోబెట్టినట్టు! "పార్టు ఉంది కదా సార్, మరెందుకు కాలింది?" అన్నాడు రైతు.

దానికి జవాబుగా ఒక వ్యాసం రాసి, రాత్రుళ్లు కూర్చుని స్కేలు పెట్టి బొమ్మ గీసి, ఒక మాసపత్రికకు పంపాను. సంపాదకుడు బొమ్మ తీసేసి అరపేజీ మెరుపు ఫొటో వేశాడు. ముందు కనెక్టర్, ఆనుకుని డయోడ్, తర్వాత చిప్: ఆ వరసే కదా వ్యాసమంతా! ఇప్పటికీ ఆయన మీద కోపం పోలేదు. ఇప్పుడేమో "ఈ ఒక్క పార్టు చాలు" అనే వీడియోల కాలం. నీ వాక్యానికి ఆ గాలే సోకింది.

బయటి కేబుల్ అయితే గ్యాస్ డిశ్చార్జ్ ట్యూబు (వోల్టేజి బాగా పెరిగితే లోపలి గ్యాస్ వెలిగి పెద్ద కరెంటును గ్రౌండ్‌కి మళ్లించేది) ముందు పెట్టాలన్నావు, నిజమే. దానికీ డయోడ్‌కీ మధ్య రెసిస్టర్ ఎందుకో చెప్పలేదు. అది లేకపోతే డయోడ్ ముందే వోల్టేజిని తొక్కిపట్టేస్తుంది, ట్యూబు వెలగనే వెలగదు, భారమంతా డయోడ్ మీదే పడుతుంది. దీనికి ఒక పేరా ఇవ్వు. యూఎస్‌బీకీ ఇదే డయోడ్ అన్న పేరా తీసెయ్. సెకనుకు 480 మెగాబిట్ల లైను ఈ డయోడ్‌కున్నంత కెపాసిటెన్స్‌ను (ఛార్జిని పట్టి ఉంచి సిగ్నల్‌ను మందగించే గుణం) మోయలేదు.

షీల్డ్ గ్రౌండింగ్ (కేబుల్ చుట్టూ ఉన్న లోహపు పొరను గ్రౌండ్‌కి కలపడం) గురించి అడిగావు, అది ఈ ఉత్తరంలో పట్టదు.

బొమ్మ నీ చేత్తో గీసి, కరెంటు దారి ఎర్ర సిరాతో చూపించి పంపు. పత్రికవాళ్లు చోటు లేదంటే రెండు పేరాలు నువ్వే కోసుకో, బొమ్మ మాత్రం వదులుకోకు.

ఆశీస్సులతో.