సుస్థిరాభివృద్ధి పేపరు ఉన్న కోర్సే మేలా?

ప్రశ్న: మా అమ్మాయి రాజనీతిశాస్త్రం ప్రధానాంశంగా డిగ్రీ పూర్తి చేసింది. ప్రభుత్వ పాలనలో పీజీ చేయాలనుకుంటోంది. తను చూసిన రెండు కోర్సుల్లో ఒకదానిలో సుస్థిరాభివృద్ధిపై ప్రత్యేకంగా ఒక పేపరు ఉంది. రెండోదానిలో ఆ పేరుతో ఏ పేపరూ లేదు. పర్యావరణం మీద ఆసక్తి ఉంటే పర్యావరణ శాస్త్రమే చదవవచ్చు కదా, పాలన చదివేవారికి ఇదెందుకన్నది నా సందేహం. ఉద్యోగావకాశాల పరంగా ఏ కోర్సు మంచిదో చెప్పగలరు. — ఒక తండ్రి

జవాబు: మీ సందేహం చాలామంది తల్లిదండ్రులకు వచ్చేదే. సుస్థిరాభివృద్ధి అనగానే చెట్లు, కాలుష్యం, వాతావరణ మార్పులు గుర్తుకు రావడం వల్ల అది శాస్త్రవేత్తల వ్యవహారమనిపిస్తుంది. భావితరాలు తమ అవసరాలు తీర్చుకునే శక్తిని దెబ్బతీయకుండా నేటి అవసరాలు తీర్చుకోవడమే సుస్థిరాభివృద్ధి అని 1987లో ఐక్యరాజ్యసమితి ఏర్పాటు చేసిన బ్రంట్‌లాండ్ కమిషన్ నిర్వచించింది. ఎవరి అవసరం ముందు, దానికి డబ్బు ఏ పద్దు నుంచి రావాలి, ఏ నిబంధన కింద అనుమతి ఇవ్వాలి అన్న ప్రశ్నలు ఆ నిర్వచనంలోనే ఇమిడి ఉన్నాయి. భూగర్భ జలమట్టం ఎంత పడిపోయిందో శాస్త్రవేత్త కొలిచి చెప్పగలరు. కొత్త బోరుకు అనుమతి ఇవ్వాలా వద్దా అన్న ఫైలు మీద సంతకం పెట్టవలసింది మాత్రం పాలనాధికారి. 2015లో ఐక్యరాజ్యసమితి సభ్యదేశాలు ఆమోదించిన 17 సుస్థిరాభివృద్ధి లక్ష్యాలు, వాటి కిందనున్న 169 ఉపలక్ష్యాలలో ఎక్కువ భాగం తాగునీరు, వైద్యం, విద్య, పట్టణాలు, ఉపాధి వంటి ప్రభుత్వ శాఖల దైనందిన బాధ్యతలే. 16వ లక్ష్యం నేరుగా సంస్థల పనితీరు, జవాబుదారీతనాల గురించే మాట్లాడుతుంది. కాబట్టి పాలన చదివేవారికి ఇది పరాయి సబ్జెక్టు కాదు.

అయితే ఆ పేరుతో పేపరు ఉన్నంత మాత్రాన ఆ కోర్సే మంచిదని నేను చెప్పను. చాలా చోట్ల ఈ పేపరు 1972 నాటి స్టాక్‌హోమ్ పర్యావరణ సదస్సుతో మొదలై, 1992 నాటి రియో సదస్సు మీదుగా 17 లక్ష్యాల జాబితా దగ్గర ముగుస్తుంది. విద్యార్థి ఆ పేర్లు కంఠస్థం చేసి మార్కులు తెచ్చుకుంటారు. తరువాతి సెమిస్టరులో ప్రభుత్వ ఆర్థిక నిర్వహణ, విధాన విశ్లేషణ పేపర్లు చదివేటప్పుడు సుస్థిరత ఊసే ఉండదు. అంతకన్నా ఆ పేరుతో పేపరు లేకపోయినా బడ్జెటు, కొనుగోళ్లు, విధాన విశ్లేషణ పాఠాల్లోనే ఈ విషయాన్ని కలిపి బోధించే కోర్సు ఎన్నో రెట్లు నయమన్నది నా అభిప్రాయం.

కలిపి బోధించడమంటే ఏమిటో ఒక ఉదాహరణతో చెబుతాను. వరద నివారణకు కట్టే గట్టు వల్ల 50 ఏళ్ల తరువాత 100 యూనిట్ల ప్రయోజనం కలుగుతుందనుకోండి. దాని నేటి విలువ ఎంతన్నది మనం ఎంచుకునే డిస్కౌంట్ రేటును, అంటే భవిష్యత్తులో వచ్చే ప్రయోజనం విలువను ఏడాదికి ఎంత శాతం చొప్పున తగ్గించి లెక్కించాలన్న రేటును బట్టి ఉంటుంది. రేటు 7 శాతమైతే ఆ ప్రయోజనం నేడు 3 యూనిట్లకు కాస్త పైన తేలుతుంది, 3.5 శాతమైతే సుమారు 18, ఒక శాతమైతే దాదాపు 61. గట్టు మారలేదు, నది మారలేదు. లెక్కలో ఒక అంకె మారేసరికి పథకం దండగమారిదో తప్పనిసరిదో అయిపోయింది. బ్రిటన్ ఆర్థిక శాఖ మార్గదర్శకాల్లో ఈ రేటు 3.5 శాతంతో మొదలై, 30 ఏళ్లు దాటిన కాలానికి క్రమంగా తగ్గుతుంది. భావితరాల పట్ల బాధ్యత గురించి పది పేజీల వ్యాసం రాయించడం కన్నా ఈ లెక్కను విద్యార్థి చేత చేయించి, ఏ రేటు ఎందుకు ఎంచుకున్నారో సమర్థించుకోమని అడగడం మంచి బోధన. రాజనీతిశాస్త్రం నుంచి వస్తున్న మీ అమ్మాయికి అంకెలంటే కొంత బెరుకు ఉండవచ్చు, కానీ ఈ లెక్కకు హైస్కూలు గణితం చాలు.

ప్రభుత్వ కొనుగోళ్లదీ ఇదే కథ. అతి తక్కువ ధర కోట్ చేసినవారికే టెండరు ఇవ్వాలన్న అలవాటు ఉన్నచోట, కొనేటప్పుడు చవకగా దొరికి ఆ తరువాత విద్యుత్తును, మరమ్మతు ఖర్చును మింగే పరికరాలే కార్యాలయాలకు చేరుతాయి. కొనుగోలు ధరతో పాటు వాడకం, నిర్వహణ, చివరకు పారవేసే ఖర్చులను కూడా కలిపి బిడ్లను పోల్చేందుకు 2014 నాటి యూరోపియన్ యూనియన్ ఆదేశం వీలు కల్పించింది. అటువంటి టెండరు షరతులను, ఎవరో ఒక్క సరఫరాదారుకే అనుకూలించకుండా, ఆడిట్ అభ్యంతరం రాకుండా రాయడం నేర్చుకోవలసిన నైపుణ్యం. దీనిని తరగతి గదిలో నేర్పే కోర్సులు తక్కువ కనుక నేర్చుకున్నవారికి గిరాకీ ఉంటుంది.

లక్ష్యాలు ఒకదానితో ఒకటి తగవుపడే సందర్భాలను కోర్సు ఎలా చూపిస్తుందో కూడా గమనించండి. ఆహార ఉత్పత్తి పెంచాలని వ్యవసాయ శాఖ సాగునీటిని విస్తరిస్తే తాగునీటి శాఖకు కొరత ఏర్పడవచ్చు. రెండు శాఖలూ తమ తమ లక్ష్యాలను నిజాయితీగానే నెరవేరుస్తుంటాయి. విధానాల మధ్య పొందిక ఉండాలని 17.14 ఉపలక్ష్యం చెబుతుంది కానీ, ఎవరి పద్దు తగ్గించాలో చెప్పదు. బ్రిటన్‌లో భాగమైన వేల్స్ 2015లో చేసిన భావితరాల శ్రేయస్సు చట్టం ప్రభుత్వ సంస్థలు దీర్ఘకాలిక దృష్టి, ముందస్తు నివారణ, సమన్వయం, సహకారం, ప్రజల భాగస్వామ్యం అనే ఐదు పద్ధతుల్లో పనిచేయాలని నిర్దేశించి, దాన్ని పర్యవేక్షించేందుకు ఒక కమిషనరును ఏర్పాటు చేసింది. ఇటువంటి చట్టాన్ని తరగతిలో చదివించి, విద్యార్థులను వేర్వేరు శాఖల అధికారులుగా కూర్చోబెట్టి ఒకే నీటి వివాదంపై వాదింపజేసే అధ్యాపకులు ఉంటే ఆ కోర్సు వదులుకోకండి. (పర్యావరణ దినోత్సవం నాడు మొక్కలు నాటించడాన్ని బోధనగా లెక్కపెట్టే విభాగాలూ ఉన్నాయి.)

ఇక ఉద్యోగాల మాట. సుస్థిరతాధికారి అనే హోదాతో వెలువడే ప్రకటనలు కొద్దిగానే ఉంటాయి, వాటిని మాత్రమే నమ్ముకుని కోర్సు ఎంచుకోవద్దు. పని ఎక్కువగా సాధారణ హోదాల కిందే దొరుకుతుంది: పురపాలక ప్రణాళిక, బడ్జెటు విభాగాలు, కొనుగోళ్ల విభాగాలు, పథకాల పర్యవేక్షణ, మూల్యాంకనం, స్వచ్ఛంద సంస్థలు, ప్రభుత్వాలకు సలహాలిచ్చే కన్సల్టెన్సీలు. దేశాలు 2016 నుంచి లక్ష్యాల పురోగతిపై ఐక్యరాజ్యసమితి వేదికకు స్వచ్ఛంద నివేదికలు సమర్పిస్తున్నాయి. 2018లో న్యూయార్క్ నగరం తన స్థాయిలో అటువంటి నివేదిక ఇచ్చిన తరువాత ఇతర నగరాలూ ఆ బాట పట్టాయి. సూచికలను అర్థం చేసుకుని, వేర్వేరు శాఖల నుంచి గణాంకాలు రాబట్టి, వాటిలోని లోపాలను పట్టుకోగలిగినవారు ఈ నివేదికలకు కావాలి. ప్రభుత్వ ఆడిట్ సంస్థలు కూడా లక్ష్యాల అమలును తనిఖీ చేస్తున్నందున, పనితీరు ఆడిట్ తెలిసినవారికి అక్కడా అవకాశం ఉంది. పోటీ పరీక్షలకు వెళ్లే ఉద్దేశం ఉంటే, ఈ అంశంపై పట్టు వ్యాసాలకు, ఇంటర్వ్యూకు ఉపయోగపడుతుంది, కానీ ఆ పరీక్షల సిలబస్‌కు ఇదొక్కటే సరిపోదు.

మీరిప్పుడు చేయవలసింది, రెండు విభాగాల నుంచి పూర్తి సిలబస్‌తో పాటు గత రెండు మూడేళ్ల ప్రశ్నపత్రాలను, విద్యార్థుల ప్రాజెక్టు శీర్షికలను అడిగి తెప్పించుకోవడం. సిలబస్ కన్నా ప్రశ్నపత్రమే నిజం చెబుతుంది. “17 లక్ష్యాలను వివరించుము” వంటి ప్రశ్నలే కనిపిస్తే ఆ పేపరు పేరు చూసి మోసపోవద్దు. ఇచ్చిన సమాచారంతో ఒక పథకాన్ని అంచనా వేయమనో, మంత్రికి రెండు పేజీల నోట్ రాయమనో అడిగితే, ఆ కోర్సుకే నా ఓటు. ఇంటర్న్‌షిప్ ఏ కార్యాలయంలో, ఎన్ని వారాలు, అక్కడ విద్యార్థికి అసలు పని అప్పగిస్తారా అన్నది పూర్వ విద్యార్థులను మీ అమ్మాయినే స్వయంగా అడగమనండి. ఈ వివరాలన్నీ చూశాక కూడా రెండు కోర్సులూ సమానంగా తోస్తే, ఫీజు తక్కువ ఉన్నదాంట్లో చేరి, గణాంకశాస్త్రాన్ని ఎలక్టివ్‌గా తీసుకోమనండి.