సీటీలో ఏమీ కనబడలేదంటే గజ్జలకు పాకలేదనుకోవచ్చా?

మీ నాన్నగారికి పురుషాంగ క్యాన్సర్ అని బయాప్సీలో తేలింది, సీటీలో గజ్జలు బాగానే ఉన్నాయి, అయినా సర్జన్ అక్కడ కూడా కోసి చూడాలంటున్నారు, దాని బదులు పెట్ స్కాన్ (చక్కెరను ఎక్కువగా లాక్కునే కణాలను వెలుగుగా చూపే స్కాన్) తీయిస్తే సరిపోదా అని అడిగారు. సరిపోదు. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మా చిన్నాన్నకు ఇదే జబ్బొస్తే విశాఖలో చూపించాం. అంత ఖరీదైన స్కాన్ అన్నీ చెప్పేస్తుందని మా బంధువులూ వాదించారు.

ఈ క్యాన్సర్ ముందుగా పాకేది గజ్జల్లోని లింఫు గ్రంథులకు, అక్కణ్నుంచి పొత్తికడుపు లోపలి గ్రంథులకు. చేతికి ఏ బిళ్లా తగలని వాళ్లలో కూడా 20 నుంచి 25 శాతం మందికి అప్పటికే కంటికి కనబడనంత సన్నగా పాకి ఉంటుంది. సీటీ, ఎమ్మారై ముఖ్యంగా గ్రంథి సైజును బట్టి చెబుతాయి. మామూలు సైజు గ్రంథిలో ఒకటి రెండు మిల్లీమీటర్ల క్యాన్సర్ దాగి ఉంటే వాటికి దొరకదు. పెట్‌కీ అది దొరకడం కష్టమే.

రెండో తిరకాసు మన వైపు ఇంకా ఎక్కువ. చెప్పుల్లేకుండా మళ్లలో దిగుతాం, ముల్లు గుచ్చుకుని చీము పడుతుంది, బోదకాలున్న ఊళ్లూ ఉన్నాయి. గజ్జల్లో బిళ్ల కట్టడం మనకు కొత్తా? ఇన్ఫెక్షన్‌తో వాచిన బిళ్ల కూడా పెట్‌లో వెలుగుతుంది. చిన్నాన్నకు కుడివైపు అలాగే ఒకటి వెలిగింది, ఇంటిల్లిపాదికీ టెన్షన్. అల్ట్రాసౌండ్ డాక్టరు తెర మావైపు తిప్పి చూపించారు. గ్రంథి చిక్కుడుగింజలా ఉండి మధ్యలో తెల్లటి గీత కనిపిస్తే మంచిదట, గుండ్రంగా మారి ఆ తెలుపు పోతే అనుమానించాలట. చిన్నాన్నది మధ్యరకంగా ఉంది. తెర చూస్తూనే సూది గుచ్చి అందులోంచి కొన్ని కణాలు తీశారు. వాటిలో క్యాన్సర్ కనబడలేదు. అయినా వదల్లేదు, ఆపరేషన్లో ఆ బిళ్ల తీసి పరీక్షకు పంపారు. ఇన్ఫెక్షనే.

దొరికింది ఎడమవైపు, ఏ స్కాన్లోనూ ఏమీ లేని వైపు. అక్కడ సెంటినెల్ నోడ్ బయాప్సీ చేశారు. గడ్డ చుట్టూ కొద్దిగా రేడియోధార్మిక మందు ఎక్కించి, అది ముందుగా ఏ గ్రంథికి చేరుతుందో కెమెరాతో చూసి, గజ్జల మీద పెన్నుతో గుర్తు పెట్టారు. ఆపరేషన్ టేబుల్ మీద నీలిరంగు కూడా వాడి ఆ గ్రంథినే తీశారు. మైక్రోస్కోపు కింద క్యాన్సర్ కనబడింది. తర్వాత ఆ వైపు గ్రంథులన్నీ తీసేశారు. కాలు వాపు ఇప్పటికీ ఉంది, వాపు తగ్గించే బిగుతు మేజోడు వేసుకుని తిరుగుతున్నారు. బిళ్ల చేతికి తగిలేదాకా ఆగి తీయించుకున్నవాళ్ల కంటే ముందే తీయించుకున్నవాళ్లు ఎక్కువకాలం బతుకుతారు.

అలాగని అందరికీ కోయరు. గడ్డ పైపైనే ఉండి, బయాప్సీలో గ్రేడ్ (కణాలు ఎంత దూకుడుగా ఉన్నాయో చెప్పే అంచనా) తక్కువని వస్తే, మొదటి రెండేళ్లు మూడు నెలలకోసారి గజ్జలు తడిమి చూస్తూ ఆగడమూ ఉంది. అందుకని బయాప్సీ రిపోర్టులో టీ స్టేజీ (గడ్డ ఎంత లోతుకు దిగిందో చెప్పేది), గ్రేడ్ ఏమిటో ముందు అడగండి. బిళ్ల నిజంగా తగిలిన మనిషికి పెట్ పనికొస్తుంది, పొత్తికడుపులోకి, ఇంకా దూరానికి వెళ్లిందేమో చూడ్డానికి. మీ ఆస్పత్రిలో సెంటినెల్ చేసే సదుపాయం లేదంటే, అది ఎక్కడ చేస్తారో అక్కడికి రాసిమ్మనండి. విశాఖ అగనంపూడిలో టాటా వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఉంది, అక్కడా కనుక్కోండి. ఒడిశా హెల్త్ కార్డు ఆంధ్రాలో చెల్లుతుందో లేదో బయల్దేరేముందే ఫోన్ చేసి అడగండి.