శ్రుతి పెట్టె ఆగినప్పుడు

చిరంజీవి తమ్ముడికి,

నీ కథ రెండుసార్లు చదివాను. వేసవి సంగీత శిబిరం, పదిహేనేళ్ల పిల్లలు, తొలిప్రేమ. సరుకు మంచిదే. కానీ ఆ ఇద్దరినీ తీసుకెళ్లి కంప్యూటర్ కోచింగులో కూర్చోబెట్టినా నువ్వు ఒక్క వాక్యం మార్చక్కర్లేదు. సంగీతం గోడమీద పటంలా వేలాడుతోందంతే.

ముందు లెక్క సరిచూసుకో. శిబిరం 15 రోజులు. అమ్మాయి అప్పుడే కొత్తగా చేరింది. ఆఖరి రోజున త్యాగరాజు పెద్ద కృతి, ఘనరాగ పంచరత్నం పాడేసింది! పాట తెలిసినవాళ్లు అక్కడే పత్రిక మడిచేస్తారు. ఆ 15 రోజుల్లో మాయామాళవగౌళ రాగంలో తొలి పాఠాలు, అంటే సరళీ వరుసలు, మహా అయితే కాసిన్ని జంట వరుసలు వస్తాయి. వాటితోనే కథ నడుపు, చాలు.

ఆది తాళమే చూడు. ఒక దెబ్బ, చిటికెన వేలు, ఉంగరపు వేలు, నడిమి వేలు. తర్వాత దెబ్బ, విసురు, మళ్లీ దెబ్బ, విసురు. మొత్తం 8. రెండో కాలంలో దెబ్బకి రెండు స్వరాలు పడాలి, చెయ్యి మాత్రం పాత నడకే నడవాలి. కొత్తవాళ్లకి నోటితోపాటు చెయ్యీ పరుగెత్తుతుంది. తప్పినవాడు పాట ఆపడు, పక్కవాళ్ల వేళ్లు చూసి అందుకుంటాడు. మనవాడు ఎవరి వేళ్లు చూశాడో రాయి. ‘కలువ కన్నులు’ ఉన్న మూడు పేరాలూ కొట్టేయి.

గొంతు సంగతి అసలు మర్చిపోయావు. పాటకి ఆధారమైన స్థాయే శ్రుతి, అంకె పెరిగితే స్థాయీ పెరుగుతుంది. ఆడపిల్లలకు మామూలుగా అయిదు, అయిదున్నర శ్రుతి. గొంతు మారిన మగపిల్లలకు ఒకటి, ఒకటిన్నర. ఆడపిల్లలు ఎక్కువున్న తరగతిలో అయిదు పెడతారు. వాడు పంచమం (ప) దాకా ఎలాగో వస్తాడు, ధైవతం (ద) దగ్గర మెడ బిగుస్తుంది, పై షడ్జం (స) దగ్గర గొంతు చీలుతుంది. అందరికంటే గట్టిగా నవ్వేది వాడి స్నేహితుడే కావాలి. అమ్మాయి నవ్విందో లేదో చూసే ధైర్యం వాడికి లేదు.

కరెంటు పోయి, చీకట్లో చేతులు తగిలాయన్నావు. మే నెల పట్టపగలు చీకటెక్కడిదయ్యా? ఆగేవి ఫ్యానూ, ఆధార స్వరం మోగించే ఎలక్ట్రానిక్ శ్రుతి పెట్టే. ఫ్యాను హోరు పోయాక ఎవరి గొంతు వాళ్లదిగా విడివిడిగా వినబడుతుంది. ఆధారం లేక గుంపు మొత్తం తెలియకుండానే కిందికి జారుతుంది. కరెంటొచ్చి పెట్టె మోగేసరికి అందరి షడ్జమూ దిగి ఉంటుంది, ఆ పిల్లది తప్ప. అది వాడి చెవిన పడనివ్వు. చేతులు తగలక్కర్లేదు.

స్నేహితుడు రెండో పేజీలోనే మాయమయ్యాడు. వాణ్ణి మృదంగం దగ్గర కూర్చోబెట్టు. ఎడమ మూతకి తడిపిన బొంబాయి రవ్వ మెత్తుతాడు, తరగతయ్యాక గీకేస్తాడు. వేళ్లకి ఎండిన రవ్వతోనే టిఫిన్ డబ్బా తెరుస్తాడు. వీళ్ల వ్యవహారం ముందు పసిగట్టేదీ వాడే, ఎక్కువ నష్టపోయేదీ వాడే. రోజూ పక్కనే ఉండే చోటు పోయింది కదా.

ఇక మాటలు. ‘ప్రియతమా’ ఏ పదిహేనేళ్లవాడూ అనడు. మాస్టారు తొలిరోజే ‘అన్నయ్య దగ్గర పుస్తకం తీసుకోమ్మా’ అంటారు. మన ఊళ్లలో అంతే. ఆ పిల్ల మూడు రోజులు ‘అన్నయ్యా’ అంటుంది. నాలుగో రోజు నుంచి ఏ పిలుపూ లేకుండా ‘ఇదిగో, పుస్తకం ఒకసారి’ అంటుంది. మిగతా పన్నెండు రోజులూ ఆమె చేత పిలుపు లేకుండానే మాట్లాడించి చూడు. కష్టమే. రాసి పంపు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య (ఈ మాటకి భయపడకు)